నిరుద్యోగం ఇంతగా ఉన్నా కూలి ఎందుకు పెరుగుతోంది, లాభాలు ఉన్నా జీతం ఎందుకు పెరగడం లేదు?

మీ మండలంలో నాట్ల సమయానికి కూలి ఏటేటా పెరుగుతోందని, అయినా మనుషులు దొరకడం లేదని రాశారు. అదే ఇంట్లో బీటెక్ పూర్తిచేసిన మీ తమ్ముడికి ఏడాదికి మూడున్నర లక్షల జీతంతో ఉద్యోగం వచ్చిందని, 2010లో అలాంటి కంపెనీలోనే చేరిన మీ అన్నగారికి కూడా దాదాపు ఇంతే ఇచ్చారని రాశారు. నిరుద్యోగం పెరిగితే వేతనం తగ్గాలని, పరిశ్రమ బాగుంటే వేతనం పెరగాలని పుస్తకాల్లో చదువుకున్నాం కదా, ఈ రెండు సూత్రాలూ ఒకే ఇంట్లో ఎలా తలకిందులయ్యాయన్నది మీ ప్రశ్న.

నేను ఇరవై ఆరేళ్లు హైదరాబాదు చుట్టుపక్కల పారిశ్రామికవాడల్లో సిబ్బంది వ్యవహారాల విభాగంలో పనిచేశాను. యాజమాన్యం తరఫున వేతన ఒప్పందాల చర్చల్లో కూర్చోవడం అందులో పెద్ద భాగం. దేశంలో నిరుద్యోగ రేటు ఎంతన్న మాట అన్నేళ్లలో కార్మిక సంఘం వారు గాని మేము గాని ఒక్కసారి కూడా ఎత్తలేదు. పైకి చెప్పినా చెప్పకపోయినా అందరి మనసుల్లో మెదిలేవి రెండే ప్రశ్నలు. ఈ మనిషి ఇక్కడ కాదనుకుంటే రేపు ఎక్కడికి పోగలడు, అక్కడ అతనికి ఎంత దొరుకుతుంది? అతడు పోతే మాకు ఎంత నష్టం? నిరుద్యోగం మొదటి ప్రశ్న ద్వారా వేతనంలోకి వస్తుంది, పరిశ్రమ పరిస్థితి చాలావరకు రెండో ప్రశ్న ద్వారా వస్తుంది. ఈ రెండింటికీ ఒకే ఊళ్లో, ఒకే పరిశ్రమలో, చివరికి ఒకే గేటు లోపల కూడా మనిషి మనిషికీ వేర్వేరు జవాబులు ఉంటాయి కాబట్టి, జిల్లా మొత్తానికి ఒక అంకె తీసుకొని దానితో అందరి వేతనాన్నీ వివరించబోతే మీరు చూసిన వైరుధ్యాలే ఎదురవుతాయి.

మీరు చదివిన సూత్రానికి మూలం 1958లో ఆర్థికవేత్త ఎ.డబ్ల్యు. ఫిలిప్స్ ప్రచురించిన వ్యాసం. బ్రిటన్‌లో 1861 నుంచి 1957 వరకు ఉన్న లెక్కలు తీసి, నిరుద్యోగం తక్కువగా ఉన్న ఏళ్లలో వేతనాలు వేగంగా పెరిగాయని, ఎక్కువగా ఉన్న ఏళ్లలో ఆ పెరుగుదల మందగించిందని ఆయన చూపించాడు. అది వేతనం పెరిగే వేగాన్ని గురించిన మాటే తప్ప, వేతనం ఎంత ఉండాలన్న మాట కాదు. 1990లలో బ్లాంచ్‌ఫ్లవర్, ఆస్వాల్డ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అనేక దేశాల్లో ప్రాంతాల వారీగా పోల్చి చూసి, నిరుద్యోగం 5 శాతం ఉన్న చోటుతో పోలిస్తే 5.5 శాతం ఉన్న చోట వేతనం సుమారు ఒక శాతం తక్కువ ఉంటుందని తేల్చారు. సంబంధం ఉన్నది నిజమే, కాని అది మనం ఊహించుకునేంత బలమైనది కాదు. పైగా ఆ దేశాల్లో పనిచేసేవారిలో అత్యధికులు వేతన జీవులు, పని పోయినవాడికి ఎంతో కొంత భృతి వస్తుంది, అందువల్ల అక్కడ నిరుద్యోగిని లెక్కించడం తేలిక.

మన దగ్గర ఆ లెక్కే చిక్కు. కేంద్ర ప్రభుత్వం జరిపే శ్రామిక శక్తి సర్వే ప్రకారం 2023-24లో దేశంలో నిరుద్యోగ రేటు 3.2 శాతం. ఈ అంకె చూసి చాలా సంపన్న దేశాలు అసూయపడాలి. అదే సర్వేలో పనిచేస్తున్నవారిలో 58.4 శాతం మంది స్వయం ఉపాధిలో ఉన్నారని, నెల జీతం మీద ఉన్నవారు 21.7 శాతమేనని కూడా ఉంది. పని లేదని ఇంట్లో కూర్చుంటే పూట గడవని మనిషి నిరుద్యోగిగా ఉండలేడు. ఎకరం పొలంలో నలుగురు చేసే పనిని ఆరుగురు చేస్తారు, లేదా ఒక మేకను కట్టుకొని, ఒక తోపుడుబండి పెట్టుకొని పనిలో ఉన్నామనిపించుకుంటారు. ఆర్థర్ లూయిస్ అనే ఆర్థికవేత్త 1954లోనే ఈ స్థితిని వర్ణించి, వ్యవసాయంలో ఇలా మిగిలిపోయిన మనుషులు ఉన్నంతకాలం పట్నంలో పరిశ్రమ ఎంత పెరిగినా వేతనం పెద్దగా పెరగదని వాదించాడు. పెట్టుబడిదారుడికి అదే కూలికి మనుషులు వస్తూనే ఉంటారు కాబట్టి లాభం పెరుగుతుంది, కూలి నిలిచిపోతుంది.

కనిపించని ఈ నిరుద్యోగాన్ని కొలిచిన ఒక ప్రయోగం మన పొరుగునే ఒడిశా పల్లెల్లో జరిగింది. ఎమిలీ బ్రెజా, సుప్రీత్ కౌర్, యోగితా శందాసాని అనే పరిశోధకులు కొన్ని ఊళ్లలో కూలీల్లో దాదాపు 24 శాతం మందికి నెలరోజుల పాటు బయట పని ఇప్పించి, ఊళ్లో కూలి ఏమవుతుందో చూశారు. పనులు ముమ్మరంగా ఉన్న నెలల్లో వెంటనే కూలి పెరిగింది. పనులు లేని నెలల్లో మాత్రం, నలుగురిలో ఒకరిని ఊరి నుంచి తప్పించినా కూలి ఒక్క రూపాయి కదల్లేదు, ఊళ్లో జరిగే పని కూడా తగ్గలేదు. వెళ్లినవారి స్థానంలోకి అంతవరకు పని దొరక్క మిగిలినవారు వచ్చి చేరారు. ఒకే ఊరు, అవే మనుషులు. ఆషాఢంలో అక్కడ నిరుద్యోగం లేదు, వేసవిలో నూటికి పాతికమంది నిరుద్యోగులు. ఏడాది సగటు తీసే ఏ సర్వేలోనూ ఇది కనిపించదు.

ఇప్పుడు మీ మండలానికి వద్దాం. నీటి వసతి పెరిగాక తెలంగాణలో వరి సాగు బాగా పెరిగింది. చెరువు కిందా కాలువ కిందా అందరూ ఒకే పదిహేను ఇరవై రోజుల్లో నాట్లు వేయాలి, నారు ముదిరితే దిగుబడి పోతుంది. మొగవాళ్లు చాలామంది హైదరాబాదు భవన నిర్మాణ పనులకో, గల్ఫుకో వెళ్లిపోయారు, నాట్లు వేసేది ప్రధానంగా ఆడవాళ్లు, వారి సంఖ్య ఆ పదిహేను రోజుల కోసం పెరగదు. కాబట్టి ఆ రోజుల్లో పైన నేను చెప్పిన రెండు ప్రశ్నలకూ జవాబు కూలీ వైపే మొగ్గుతుంది. ఇక్కడ కాదంటే పక్క పొలంలో పిలుస్తారు, ఆమె రాకపోతే రైతుకు పంటే నష్టం. రోజు కూలి మానేసి ఎకరానికింత అని గుత్తకు మాట్లాడుకోవడం పెరిగింది కూడా అందుకే. బీహారు, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్ నుంచి నాట్ల ముఠాలు మన జిల్లాలకు రావడం కొన్నేళ్లుగా మీరు చూస్తూనే ఉంటారు. మీ ఊరి గుత్త ధరకు ఇప్పుడు పై హద్దు గీస్తున్నది ఆ ముఠాల రేటే, దాన్ని నిర్ణయిస్తున్నది ఎక్కడో బీహారు పల్లెలో ఆ నెలలో దొరికే కూలి. అంటే మీ ఊరి వేతనం మీద పనిచేస్తున్న నిరుద్యోగం మీ ఊరిది కాదు.

రోజు కూలి పెరిగిందంటే కూలీ బతుకు బాగుపడిందని అనుకోవడానికి మాత్రం లేదు. రోజుకు ఎంత అన్నది ఒక అంకె, ఏడాదికి ఎన్ని రోజులు అన్నది మరో అంకె. నాట్లకు, కోతలకు మధ్య ఉన్న ఖాళీ నెలల్లో నిరుద్యోగం చూపే ప్రభావం కూలి రేటు మీద కాదు, ఈ రెండో అంకె మీద.

ఖాళీ నెలల్లో కూలి ఎందుకు పడిపోదన్నది ఆసక్తికరమైన విషయం. సుప్రీత్ కౌర్ దేశవ్యాప్తంగా జిల్లాల వర్షపాతాన్ని, వ్యవసాయ కూలిని పక్కపక్కన పెట్టి చూస్తే, వానలు బాగా కురిసిన ఏడు పెరిగిన కూలి, మరుసటి ఏడు వానలు మామూలుగా ఉన్నా కిందికి దిగలేదు. తగ్గింది పని దొరికే రోజుల సంఖ్య. ధరలు పెరిగి ఆ కూలి విలువను కరిగించేదాకా అది అక్కడే నిలబడింది. దీని వెనుక ఊరి కట్టుబాటు ఉంది. ఒడిశాలోనే జరిగిన మరో పరిశోధనలో, నడుస్తున్న రేటు కంటే తక్కువకు పని ఇస్తామని నలుగురి ఎదుట అడిగితే దాదాపు ఎవరూ ఒప్పుకోలేదు, చాటుగా అడిగితే ఒప్పుకున్నవారు చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉన్నారు. రేటు చెడగొట్టాడన్న మాట పడటానికి ఎవరూ ఇష్టపడరు. మన ఊళ్లలో పెరిగినవారికి ఇది పరిశోధన లేకుండానే తెలిసిన సంగతి. ఫ్యాక్టరీల్లో కూడా ఇదే చూశాను. వ్యాపారం పడిపోయినప్పుడు మేము మనుషులను తగ్గించాం, ఓవర్‌టైమ్ ఆపాం, కొత్తవారిని తక్కువకు తీసుకున్నాం. ఉన్నవాడి జీతం కోయడానికి మాత్రం ఎంత కఠినుడైన యజమాని కూడా జంకేవాడు, ఎందుకంటే జీతం కోసిన మనిషి మర్నాడు కూడా యంత్రం దగ్గరికే వస్తాడు, కాని పాత మనిషిగా రాడు.

కూలీ కాదనగలిగే శక్తి పెరిగితే ఏమవుతుందన్నదానికి ప్రపంచంలోనే మంచి సాక్ష్యాల్లో ఒకటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దొరికింది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. ఆ తర్వాత కూలి డబ్బు వేలిముద్రల స్మార్ట్‌కార్డుల ద్వారా ఇచ్చే పద్ధతిని 157 మండలాల్లో, సుమారు 1.9 కోట్ల జనాభా ఉన్న ప్రాంతంలో, చీటీలు తీసినట్లు ముందు కొన్నిచోట్ల, తర్వాత కొన్నిచోట్ల అమలు చేశారు. కార్తిక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ ఈ తేడాను కొలిచారు. ప్రభుత్వం అదనంగా ఏమీ ఖర్చు పెట్టకపోయినా, పథకం సక్రమంగా నడిచిన మండలాల్లో పేద కుటుంబాల ఆదాయం 13 శాతం పెరిగింది, అందులో అధిక భాగం పథకం డబ్బు కాదు, బయటి కూలి ద్వారా వచ్చినది. తట్ట మోసే పని ఖాయంగా ఉంది, డబ్బు చేతికి వస్తుందన్న నమ్మకం ఉంది కాబట్టి రైతు దగ్గర ఇంతకు తక్కువైతే రానని చెప్పగలిగారు. కూలి పెరిగితే పనులు తగ్గిపోతాయని చెప్పేవారు తప్పక చదవవలసిన ఫలితం ఇది: కూలి పెరిగింది, పని లేని రోజులు తగ్గాయి. అంతకుముందు కూలి ఇవ్వదగినదానికంటే తక్కువగా ఉండేదని, బేరంలో ఒక వైపే బలం ఉన్నందువల్ల అలా ఉండేదని దీన్నిబట్టి నేను అర్థం చేసుకుంటున్నాను.

ఇక మీ తమ్ముడి సంగతి. దానికి ముందు కేరళను ఒకసారి చూస్తే విషయం తేటపడుతుంది. రిజర్వు బ్యాంకు ప్రచురించిన లెక్కల ప్రకారం 2022-23లో కేరళ పల్లెల్లో భవన నిర్మాణ కూలీకి సగటున రోజుకు 852 రూపాయలు, దేశం మొత్తం మీద 393 రూపాయలు, మధ్యప్రదేశ్‌లో 279 రూపాయలు. అదే కేరళ చదువుకున్న యువకుల నిరుద్యోగంలో ఎప్పుడూ పై వరుసలోనే ఉంటుంది. నిరుద్యోగం ఎక్కువ, కూలి కూడా ఎక్కువ. ఎందుకంటే అక్కడ నిరుద్యోగి తాపీపనికి పోటీకి రాడు. గల్ఫు నుంచి వచ్చిన డబ్బుతో ఇల్లు నడుస్తుంటే, డిగ్రీకి తగిన ఉద్యోగం కోసం నర్సింగు సర్టిఫికెటుతోనో, పబ్లిక్ సర్వీసు కమిషన్ పరీక్ష పుస్తకాలతోనో ఆగగలడు. తాపీ కూలిని దించే నిరుద్యోగి బెంగాల్ నుంచో అస్సాం నుంచో రైలెక్కి రావాలి, వస్తున్నాడు కూడా. నిరుద్యోగులంతా ఒకే వరుసలో నిలబడరు. ఏ వరుస పొడవుగా ఉందో ఆ పని వేతనమే కిందికి దిగుతుంది.

మన రెండు రాష్ట్రాల్లో అతి పొడవైన వరుస ఇంజనీరింగు పట్టభద్రులది. ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చాక ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగు కళాశాలలు 700 దాకా పెరిగాయి. దాని వల్ల ఎన్నో ఇళ్లలో మొదటి పట్టభద్రుడు పుట్టాడు, ఆ మేలును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాని కంపెనీ వైపు నుంచి చూస్తే, మూడున్నర లక్షలకు రమ్మంటే సీటుకు పదిమంది వస్తున్నప్పుడు నాలుగున్నర ఇవ్వవలసిన అవసరం ఏమిటి? 2010 నుంచి ఇప్పటికి ధరలు రెండింతలకు పైగా పెరిగాయి కాబట్టి, మీ తమ్ముడి మూడున్నర లక్షలు మీ అన్నగారి మూడున్నర లక్షల్లో సగం కూడా కాదు. అంకె మారకుండానే జీతం తగ్గింది. పైన చెప్పిన వాన, కూలి కథ ఇక్కడ ఎయిర్ కండిషన్డు గదుల్లో జరిగింది.

మీరు అడగవచ్చు, అదే పరిశ్రమలో 2021, 2022లలో జీతాలు ఎగబాకాయి కదా అని. ఎగబాకినవి మూడు నుంచి ఎనిమిదేళ్ల అనుభవం ఉన్నవారివి. కరోనా తర్వాత ప్రాజెక్టులు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి, కొత్తగా చేరినవాడి పనికి వెంటనే క్లయింటు నుంచి డబ్బు వసూలు చేయలేరు, చేతికి వచ్చిన మనిషి పక్క కంపెనీకి వెళ్లిపోతే ప్రాజెక్టు ఆగిపోతుంది. 2022 జూన్‌తో ముగిసిన త్రైమాసికంలో ఇన్ఫోసిస్ ప్రకటించిన వలసల రేటు, అంటే ఏడాదిలో ఉద్యోగం వదిలి వెళ్లినవారి వాటా, 28.4 శాతం. ఆ సమయంలోనే కొత్తగా చేరేవారి ప్యాకేజీ దాదాపు కదల్లేదు. పరిశ్రమ ఒకటే, ఏడాది ఒకటే, లాభాలు ఒకటే. ఒకరికి జీతం రెండింతలైంది, మరొకరికి పైసా పెరగలేదు. తర్వాత గాలి మారింది. 2023-24లో ఇన్ఫోసిస్ సిబ్బంది 25,994 మంది, టీసీఎస్ సిబ్బంది 13,249 మంది తగ్గారు, ఇన్ఫోసిస్ వలసల రేటు 12.6 శాతానికి దిగింది. ఆ ఏడాది కూడా ఈ కంపెనీలు వేల కోట్ల లాభాలు గడించాయని గుర్తుంచుకోవాలి. పరిశ్రమలో లాభం ఉందా లేదా అన్నదానికంటే, వెళ్లిపోయే మనిషిని ఆపవలసిన అవసరం ఉందా లేదా అన్నదే జీతాన్ని కదిలించింది.

అయితే పరిశ్రమ పరిస్థితికి వేతనంలో పాత్ర లేదా? ఉంది, అది చట్టపరంగా కూడా గుర్తింపు పొందినది. 1948లో న్యాయ వేతనాల కమిటీ కనీస వేతనం, న్యాయ వేతనం, జీవన వేతనం అని మూడు మెట్లు చెప్పి, న్యాయ వేతనానికి కింది హద్దు కనీస వేతనమని, పై హద్దు పరిశ్రమ చెల్లించగల స్తోమత అని నిర్ణయించింది. కనీస వేతనం విషయంలో స్తోమత ప్రసక్తే లేదు. అది కూడా ఇవ్వలేని పరిశ్రమకు మనుగడ సాగించే హక్కు లేదని సుప్రీంకోర్టు 1957లోనే స్పష్టం చేసింది. ఆపై మెట్టుకు వచ్చేసరికి మన ట్రిబ్యునళ్లు పరిశ్రమను, ప్రాంతాన్ని కలిపి చూసే సూత్రాన్ని పాటిస్తాయి. అంటే అదే ప్రాంతంలో అదే రకం పరిశ్రమలు ఎంత ఇస్తున్నాయన్నది కొలబద్ద. అందుకే డిమాండ్ల పత్రం అందిన మర్నాడే మేము మొదట చేసే పని పక్క ఫ్యాక్టరీ ఒప్పందం ప్రతిని సంపాదించడం. సంఘం వారు కూడా అదే ప్రతిని తెచ్చేవారు, కాకపోతే వాళ్లు అండర్‌లైన్ చేసిన పేజీలు వేరు.

పరిశ్రమ పరిస్థితి కూలిని నేరుగా శాసించడం చూడాలంటే సిరిసిల్లకు వెళ్లాలి, మీకు దగ్గరే. మరమగ్గాల మీద కూలి రోజుకు కాదు, పది పిక్కులకు (పిక్కు అంటే బట్టలో అడ్డంగా పడే పోగు) ఇన్ని పైసలని లెక్క. నూలు ఇచ్చి బట్ట తీసుకునే యజమాని, మగ్గాలు నడిపించే ఆసామి, మగ్గం దగ్గర నిలబడే కార్మికుడు, వీరికి తోడు పడుగు సిద్ధం చేసే వార్పిన్, వైపని కార్మికులు: పైన ఆర్డరు తగ్గితే ఆ దెబ్బ ఈ మెట్లన్నీ దిగి చివరివాడి మీద పడుతుంది. అక్కడ నేసే పాలిస్టరు బట్టకు భీవండి, సూరత్, మాలేగావ్‌లతో పోటీ. కాబట్టి ధర పెంచే శక్తి యజమానికి లేదు, కూలి పెంచమని సమ్మె చేస్తే పైసల్లోనే బేరం. 2017 నుంచి రాష్ట్ర ప్రభుత్వం బతుకమ్మ చీరలకు ఏటా సుమారు కోటి చీరల ఆర్డరు ఇచ్చినప్పుడు పరిస్థితి మారింది. ధర ముందే తెలిసిన ఆర్డరు, కచ్చితమైన గడువు ఉండటంతో మగ్గం ఆగితే నష్టపోయేది యజమాని అయ్యాడు, కార్మికుడి వారం కూలి పెరిగింది. 2024లో ఆ ఆర్డరు నిలిచిపోయినప్పుడు మగ్గాలు ఆగాయి. పైసల రేటు కాగితం మీద అలాగే ఉంది, నేయడానికి పనే లేదు. జిల్లాలో నిరుద్యోగం అంతకుముందు ఎంత, ఆ తర్వాత ఎంత అన్న లెక్కతో ఈ ఎగుడుదిగుళ్లను వివరించలేం. కొనేవాడు ఒక్కడే అయినప్పుడు, అది ప్రభుత్వమైనా సరే, ఆ ఒక్కడి నిర్ణయమే వేతనం.

దీనికి పూర్తిగా అవతలి కొస సింగరేణి. బొగ్గు గని కార్మికుల వేతనం జాతీయ స్థాయి ఒప్పందంతో నిర్ణయమవుతుంది. 2023 మేలో కుదిరిన పదకొండవ ఒప్పందంలో కనీస పెరుగుదల 19 శాతం. దానిపైన లాభాల్లో వాటా. 2023-24 సంవత్సరానికి 33 శాతం వాటా కింద 796 కోట్ల రూపాయలు పంచారు, పర్మనెంటు కార్మికుడికి సగటున 1.90 లక్షలు వచ్చింది. అదే ఏడు మొదటిసారిగా కాంట్రాక్టు కార్మికులకు కూడా ఇచ్చారు, తలా 5,000 రూపాయలు. ఒకే గని, ఒకే బొగ్గు ధర, చుట్టూ అదే కోల్‌బెల్టు నిరుద్యోగం. మొదటివాడికి సంఘం, ఒప్పందం, ఆగితే బొగ్గు ఆగుతుందన్న బలం ఉన్నాయి. రెండోవాడి వెనుక గేటు బయట అతని పనికి సిద్ధంగా ఉన్న ఊళ్లు ఉన్నాయి. పరిశ్రమ బాగుండటం వల్ల వచ్చే లాభం పర్మనెంటు గేటు గుండా లోపలికి వస్తుంది, నిరుద్యోగం వల్ల వచ్చే ఒత్తిడి కాంట్రాక్టు గేటు గుండా వస్తుంది. సింగరేణి కనీసం 5,000 ఇచ్చింది, ప్రైవేటు రంగంలో ఆపాటి కూడా అరుదు.

మన పరిశ్రమల వార్షిక సర్వేల్లో రిజిస్టరైన ఫ్యాక్టరీల కార్మికుల్లో కాంట్రాక్టువారి వాటా 2000ల మొదట్లో ఐదోవంతు చుట్టూ ఉండేది, ఇప్పుడు నూటికి నలభైకి చేరింది. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం ప్రకారం కాంట్రాక్టు పద్ధతిని నిషేధించిన పనిలో కూడా ఆ కార్మికులను దానంతటదే పర్మనెంటు చేయనక్కరలేదని 2001లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, 2003లో ఆంధ్రప్రదేశ్ తన సవరణతో ప్రధాన పనులు, అనుబంధ పనులు అని విడదీసి అనుబంధ పనులకు దారి మరింత తేలిక చేసింది. ఆ రోజుల్లో నేను పనిచేసిన ఒక కంపెనీలో వరుసగా మూడేళ్లు మంచి లాభాలు వచ్చాయి. పర్మనెంటు కార్మికులతో మంచి ఒప్పందమే చేసుకున్నాం. ఆ ఒప్పందం భారాన్ని భర్తీ చేయడానికి, రిటైరైన ప్రతి పర్మనెంటు మనిషి చోట ఇద్దరు కాంట్రాక్టు మనుషులను తీసుకున్నాం. ఆ కాగితాల మీద సంతకం నాది కూడా. ఫ్యాక్టరీ సగటు వేతనం ఆ మూడేళ్లలో తగ్గింది, ఒక్క మనిషి జీతం కూడా తగ్గకుండానే. పరిశ్రమ లాభాల్లో ఉన్నా వేతనాలు ఎందుకు పెరగలేదని గణాంకాలు చూసి ఆశ్చర్యపోయేవారికి ఇంతకంటే సూటి జవాబు నా దగ్గర లేదు.

గల్ఫు గురించి కూడా ఒక మాట, మీ జిల్లాలో ఆ దారి లేని ఊరు ఉండదు కాబట్టి. 2020 సెప్టెంబరులో, కరోనా వల్ల ఉద్యోగాలు పోతున్నాయన్న భయంతో, మన కార్మికులకు గల్ఫు దేశాల్లో చెల్లించవలసిన కనీస సూచక వేతనాలను కేంద్రం 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. వేతనం తగ్గిస్తే ఉద్యోగాలు నిలుస్తాయన్న పాఠ్యపుస్తక సూత్రమే అది. ఈ విషయం తెలంగాణ హైకోర్టు దాకా వెళ్లింది, 2021 జూలైలో ఆ ఉత్తర్వులను వెనక్కి తీసుకున్నారు. పని పోయి తిరిగి రావడానికి భయపడే మనిషికి బేరం ఆడే శక్తి ఎలాగూ ఉండదు; అతనికి ఆసరాగా ఉన్న అంకెను కూడా అదే అదనులో దించడం తప్పని నా అభిప్రాయం. నిరుద్యోగం అందరినీ ఒకేసారి కిందికి లాగే రోజుల్లోనే కింది హద్దు అవసరం.

మీ తమ్ముడి విషయంలో చివరిగా అడిగినదానికి, అంటే ఇప్పుడే జీతం పెంచమని అడగాలా, మానేసి వేరేచోట చూడాలా అన్నదానికి నా సలహా చెబుతాను. మొదటి రెండేళ్లు అతను పొడవైన వరుసలోనే ఉన్నాడు, అడిగినా ప్రయోజనం తక్కువ. ఆ రెండేళ్లలో ఒక క్లయింటు ప్రాజెక్టు మీద నిలకడగా పనిచేసి, తాను లేకపోతే ఆగిపోయే పని ఒకటి చేతిలోకి తెచ్చుకుంటే వరుస మారుతుంది. అప్పుడు చూడవలసినది వార్తల్లోని నిరుద్యోగ రేటు కాదు. పెద్ద కంపెనీలు ప్రతి మూడు నెలలకూ ప్రకటించే వలసల రేటు పైకి పోతున్నదా, కిందికి దిగుతున్నదా అన్నది చూడమనండి. అది 12, 13 శాతం దగ్గర ఉన్నప్పుడు ఉన్న ఉద్యోగం వదలకుండా వేరే ఆఫరు చేతికి వచ్చాకే మాట్లాడాలి. 20 దాటినప్పుడు యాజమాన్యమే పిలిచి మాట్లాడుతుంది. మీ పొలం నాట్ల గురించైతే, వచ్చే వానాకాలానికి గుత్త ముఠాతో జ్యేష్ఠంలోనే మాట్లాడుకోండి. నారు ముదిరాక ఆడే బేరంలో రైతుకు ఎప్పుడూ ఎక్కువే పడుతుంది.